ఆర్ఫియస్ కథ మన పిల్లలకి చెప్పాలంటే పేర్లు, ముగింపు మార్చేయాలా?

నాగావళి_ఒడ్డు (ఆమదాలవలస దగ్గర):
అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రాలు రామకోవెల అరుగు మీద మా వీధి గుంటలకి కథలు చెప్తుంటాను, ఎక్కువమంది ఏడు ఎనిమిది క్లాసులోళ్ళు. రామాయణం, భారతం చెప్పేశాక వేరే దేశాల పురాణాలు మొదలెట్టాను. ఇప్పుడు గ్రీకుల ఆర్ఫియస్ కథ అనుకుంటున్నాను. పెళ్ళాన్ని పాము కరిచి చచ్చిపోతే వాయిద్యం పట్టుకుని పాతాళానికి పోయి, పాటతో అక్కడి రాజునీ రాణినీ కరిగించేస్తాడు, తీసుకుపో కానీ పైకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకు అంటారు, ఇంకాసేపట్లో చేరిపోతారనగా తిరిగి చూస్తాడు, అంతే ఆమె మళ్ళీ పోతుంది. ఆ పెళ్ళాం పేరు యూరిడిసీ, పాతాళం రాజు పేరు హేడిస్, ఇలాంటివి పిల్లల నోరు తిరగవు, హేడిస్‌ని యముడు అని పెట్టేయనా? ఇంకోటి, సావిత్రి తెచ్చుకుంది కదా ఇతనెందుకు తెచ్చుకోలేకపోయాడు అని కచ్చితంగా అడుగుతారు. చివర కొంచెం మార్చి కలిపేస్తే తప్పా?

చింతమాను (విజయనగరం):
మార్చేయండి మాస్టారూ. జముకుల కథ చెప్పేవాళ్ళు చూడండి, ఏ కాలం రాజు కథైనా రాణి మన ఊరి యాసలోనే ఏడుస్తాది, వంత పాడేవాళ్ళు మధ్యలో అందుకుంటారు, జనం కదలకుండా కూర్చుంటారు. పిల్లలకి కథ అందడం ముఖ్యం.

కోటవీధి_అప్ప (విజయనగరం):
తమ్ముడూ, యాస మార్చు, పాట పెట్టు, మధ్యలో వంత కూడా పెట్టు, అదంతా చెప్పే పద్ధతి. పేర్లూ ముగింపూ మాత్రం ముట్టుకోకు. యముడు అని ఒక్కసారి అన్నావంటే పిల్లలకి దున్నపోతూ పాశమూ కళ్ళ ముందుకొచ్చేస్తాయి, ఇంక వాళ్ళు వినేది సావిత్రి కథే. సావిత్రి యముడి వెనకాలే నడుస్తూ మామగారి చూపు, పోయిన రాజ్యం, తండ్రికి వందమంది కొడుకులు, తనకి వందమంది కొడుకులు అని ఒక్కొక్క వరం పుచ్చుకుని, మరి భర్త లేకుండా నాకు కొడుకులెలాగ అని అడిగింది. అక్కడ మాట గెలిచింది. ఆర్ఫియస్ పాటతో గెలిచి చూపుతో పోగొట్టుకున్నాడు. ఆ చూపు తీసేస్తే ఆ కథలో ఇంకేం మిగిలింది చెప్పు?

మన పైడితల్లి కథే తీసుకో. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాడని చెల్లెలు ప్రాణం విడిచిందనీ, తర్వాత పెద్ద చెరువులోంచి అమ్మవారి విగ్రహం తీశారనీ కదా మనం చెప్పుకునేది. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను పండగలో పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంటే జనం అరటిపళ్ళు విసురుతారు. ఎవరో దూరదేశం వాళ్ళు ఆ చెరువు తీసేసి, యుద్ధం తీసేసి, అన్న బతికే ఉన్నాడని చెప్తే మనకి కడుపు మండదా? వాళ్ళకీ అంతే.

చింతమాను:
చెరువు మాట నిజమే అప్పా. పేర్లు ఉంచండి మాస్టారూ, నాలుగుసార్లు పాటలో వస్తే అవే నోటికొచ్చేస్తాయి.

పొందూరు_మగ్గం (శ్రీకాకుళం జిల్లా):
దీని పక్కనే జపాన్ వాళ్ళ ఇజనాగి కథ చెప్పండి, 712లో రాసిన కొజికి అనే వాళ్ళ పాత పుస్తకంలో ఉంది. నిప్పు దేవుడిని కంటూ ఇజనామి చచ్చిపోతే మొగుడు ఇజనాగి యోమి అనే చచ్చిపోయినోళ్ళ లోకానికి వెళ్తాడు. ఆమె నేనిక్కడి తిండి తినేశాను, ఇంక రావడం కష్టం, అయినా ఇక్కడి దేవుళ్ళని అడిగొస్తాను, ఈలోగా నన్ను చూడకు అంటుంది. ఇతను ఆగలేక దువ్వెన పన్ను విరిచి వెలిగించి చూస్తే ఆమె ఒళ్ళంతా పురుగులు. పరుగో పరుగు. వెంట పడినవాళ్ళ మీదకి తలకి కట్టుకున్నది విసిరితే ద్రాక్షపళ్ళవుతాయి, దువ్వెన విసిరితే వెదురు మొలకలవుతాయి, వాళ్ళు అవి తింటూ ఆగిపోతారు, ఆఖరికి మూడు పీచ్ పళ్ళు విసిరి తరిమేస్తాడు. దారికి బండ అడ్డం పెడితే ఆమె అవతలినుంచి రోజుకి వెయ్యిమందిని చంపుతానంటుంది, ఇతను పదిహేనువందల పురుళ్ళ పాకలు కట్టిస్తానంటాడు. ఈ సంవాదం ఇద్దరు పిల్లల చేత చెప్పించండి, బాగుంటుంది.

నాగావళి_ఒడ్డు:
థాంక్స్ అప్పా, అందరికీ. అయితే పేర్లు ముగింపు అలాగే ఉంచేస్తాను, ముందు సావిత్రి, వచ్చే వారం ఆర్ఫియస్, ఆ తర్వాత ఇజనాగి. చిన్నపిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు కాబట్టి పురుగుల దగ్గర ఒక్క మాటతో దాటేసి పళ్ళు విసిరే చోట నిదానంగా చెప్తాను. సీతంపేట వైపు వాళ్ళెవరైనా ఉంటే ఒక మాట, సవర పెద్దలు చెప్పే కథల్లో చచ్చిపోయినోళ్ళ లోకానికి వెళ్ళొచ్చిన కథ మీరు విన్నది ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి, వాళ్ళు చెప్పినట్టే చెప్తాను.