పదో తరగతి విద్యుత్ పాఠానికి ఉచిత వనరులు: ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. విద్యుత్ పాఠానికి ఇంటర్నెట్‌లో దొరికిన వలయ పటాలు, ఆంగ్లంలో ఉన్న రెండు వర్క్‌షీట్లు, కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో ప్రయోగం చేసి చూసే నమూనా) ఆధారంగా తెలుగులో బోధన సామగ్రి తయారుచేసి, మండలంలోని తోటి ఉపాధ్యాయులకు కూడా ఇవ్వాలనుకుంటున్నాను. అన్నీ ఉచితంగానే దొరికాయి కాబట్టి అనువదించి పంచుకోవచ్చా? నాణ్యతను ఎలా పరిశీలించాలి?

జవాబు 1:
మేడమ్ గారూ, ఉచితంగా దొరకడం వేరు, మార్చి పంచుకునే హక్కు ఉండడం వేరు. యునెస్కో 2019లో ఆమోదించిన సిఫారసు ఈ రెండో హక్కును కూడా స్వేచ్ఛా విద్యా వనరు నిర్వచనంలోనే చేర్చింది. పేజీలో లైసెన్సు ఏదీ కనబడకపోతే హక్కులన్నీ రచయితవేనని భావించాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (రచయిత కొన్ని షరతులతో అందరికీ ముందే ఇచ్చే అనుమతి) ఉన్నా, అందులో ‘ఎన్‌డి’ (నో డెరివేటివ్స్) అని ఉంటే మార్చిన ప్రతిని పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది, మన భాషలో పనిచేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వికీపీడియా వ్యాసాన్ని అనువదిస్తే, మూలాన్ని పేర్కొని మీ అనువాదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి.

జవాబు 2:
లైసెన్సు సరిగ్గా ఉన్నంత మాత్రాన అది మన తరగతికి సరిపోతుందని చెప్పలేము. నేను ఫెట్ వలయాల సిమ్యులేషన్‌ను మొదటిసారి చూపినప్పుడు, నీలిరంగు చుక్కలు తీగలో కదులుతున్న దిశను చూసి ఒక అమ్మాయి లేచి, “సార్, మన పుస్తకంలో బాణం గుర్తు దీనికి ఎదురుగా ఉంది కదా?” అని అడిగింది. రెండూ సరైనవే, సిమ్యులేషన్ ఎలక్ట్రాన్ల కదలికను చూపుతోంది, పుస్తకం సాంప్రదాయిక విద్యుత్ ప్రవాహ దిశను చూపుతోంది. అందులోనే ఆ దిశకు మార్చుకునే వీలు కూడా ఉందని నేను ముందుగా చూసుకోకపోవడం వల్ల ఆ పీరియడంతా పిల్లలు అయోమయంలోనే ఉండిపోయారు. అప్పటి నుంచి విద్యార్థి చేయవలసిన ప్రతి పనినీ ముందు నేనే చేసి, ప్రతి లెక్కనూ కాగితం మీద వేసి చూస్తున్నాను. పారిభాషిక పదాలను కూడా సరిచూడండి; ఒకచోట ‘నిరోధం’, మరొకచోట ‘అవరోధం’ అని ఉంటే పిల్లలు వాటిని రెండు వేర్వేరు రాశులనుకుంటారు. సిమ్యులేషన్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చూస్తే ఒక వర్క్‌షీటు మీద ‘ఎన్‌డి’ అనే ఉంది, పటాలకు అసలు లైసెన్సే లేదు. ఆ ప్రశ్నలను, పటాలను నేనే కొత్తగా తయారుచేసుకుని, శనివారం సిమ్యులేషన్‌ను మొదటి నుంచి చివరి వరకు చేసి చూస్తాను.