కింది కమోడ్ అప్పుడప్పుడు పొంగుతోంది, యాసిడ్ పొయ్యొచ్చా?

మిద్దిల్లు_తిరుపతి:
కింద మేము, మిద్దె మీద అద్దెకున్నవాళ్లు. వీధికి యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లేదు, సెప్టిక్ ట్యాంకే. కింది వెస్టర్న్ కమోడ్‌లో ఒక్కోసారి నీళ్లు అంచుదాకా వచ్చి పొంగుతాయి, కాసేపటికి వాటంతటవే దిగిపోతాయి. మిద్దె మీద వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలితే గుడగుడమంటుంది. ప్లంబరు యాసిడ్ పొయ్యమంటున్నాడు.

పైపుల_పని:
యాసిడ్ వద్దు సార్. గుడ్డ, ప్యాడ్, ప్లాస్టిక్ మూత దానికి కరగవు. బ్లీచింగ్ గానీ కలిసిందంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

పైనీళ్లకు కింద గుడగుడ అంటే అడ్డం కమోడ్ ట్రాప్‌లో (నీళ్లు నిలిచే వంపులో) కాదు, రెండు లైన్లూ కలిసిన తర్వాత ఉంది. పొంగేటప్పుడే బయట ఛాంబర్ (ఇంటి పైపులు ట్యాంకుకు పోయేముందు కలిసే తొట్టి) మూత తీసి చూడండి. ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డం ఇంటి వైపు. నిండి ఉంటే ట్యాంకు వైపు.

చిత్తూరు_మేస్త్రి:
వెంట్ పైపు (మిద్దె పైకి గాలి పోయే పైపు) మూతి కూడా చూడండి, ఆకులు పడి మూసుకున్నా గుడగుడ వస్తుంది.

పొంగేటప్పుడు యాంగిల్ కాక్ (ఫ్లష్ ట్యాంకుకు నీళ్లిచ్చే గోడ కుళాయి) కట్టేస్తే చాలంటారు. మీకది సరిపోదు, నీళ్లొచ్చేది పైనుంచి. మిద్దె మీద వాడకం ఆపమనండి.

మిద్దిల్లు_తిరుపతి:
ఈ పొద్దు చూశానన్నా. ఛాంబర్ అంచుదాకా నిండి ఉంది.

పైపుల_పని:
అయితే ఛాంబర్ నుంచి ట్యాంకు వైపు స్ప్రింగ్ (పైపులో అడ్డం తీసే పొడవాటి తీగ) తిప్పించండి. గుడ్డో వేర్లో చిక్కితే బయటికి లాగాలి, ముందుకు తోస్తే మళ్లీ అదే కథ. పైపు వాటం (వాలు) కూడా కొలిపించండి: నాలుగంగుళాల పైపుకు పదడుగులకు మూడంగుళాలు ఉండాలి. తక్కువైతే నీళ్లు పోయి గట్టిది పైపులోనే నిలుస్తుంది. అప్పుడప్పుడు పొంగి మళ్లీ దిగే ఇళ్లలో ఎక్కువగా ఇదే.

చిత్తూరు_మేస్త్రి:
పైపు క్లియర్‌గా ఉంటే సెప్టిక్ ట్యాంకు లాగే లారీ పిలిపించండి. ట్యాంకు రెండు మూడేళ్లకోసారి తీయించాల్సిందే. లారీ లాగుతున్నప్పుడు ట్యాంకు బయటికిపోయే పైపు మీద కన్నేయండి. అక్కణ్ణుంచి నీళ్లు వెనక్కి వస్తుంటే ఇంకుడు గుంత పట్టడం లేదని అర్థం. నవంబరు, డిసెంబరు వానల్లో నేల నానితే ఇది మామూలే. అప్పుడు ట్యాంకు ఎన్నిసార్లు తీయించినా డబ్బు దండగ. నేల ఆరాక కూడా పట్టకపోతే గుంత కొత్తగా తవ్వించాలి.

మనిషిని మాత్రం ట్యాంకులోకి దింపొద్దు. లోపలి గ్యాస్‌కు క్షణాల్లో పడిపోతారు, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దింపడం నేరం కూడా.