జూలైలో అమ్మానాన్నలతో జయాన్, బ్రైస్, యాంటెలోప్, గ్రాండ్ కేనియన్: నాలుగు రోజులు చాలునా?

కృష్ణాతీరం:
గుడివాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలు ప్రస్తుతం డల్లాస్‌లో మా దగ్గర ఉన్నారు. జూలై చివరి వారంలో లాస్ వేగాస్‌లో విమానం దిగి, అద్దె కారులో యూటాలోని జయాన్, బ్రైస్ కేనియన్ పార్కులు, ఆరిజోనాలో పేజ్ ఊరి పక్కనున్న యాంటెలోప్ కేనియన్ అనే ఇరుకు రాతి సందు, గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) చూసుకొని, నాలుగో రోజు రాత్రికి తిరిగి వేగాస్ చేరాలని అనుకుంటున్నాము. నాన్నగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఏదైనా తీసేయాలా?

ఎర్రనేల:
బ్రైస్, యాంటెలోప్ రెండూ తీసేయండి. ఈ చుట్టు 800 మైళ్లకు పైగా ఉంటుంది. సౌత్ రిమ్ నుంచి వేగాస్‌కు చేరడానికే నాలుగున్నర గంటలు పడుతుంది. పైగా జూలై మధ్య నుంచి అక్కడ ఉరుములతో కూడిన వానల కాలం. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటెలోప్‌లో 11 మంది వరదకు బలయ్యారు. వాన వారి మీద కురవలేదు, మైళ్ల దూరాన ఎగువన కురిసింది. ఆ రాతి సందులోకి నీరు వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటే ఉండదు.

నిత్యపథికుడు:
ఆ దుర్ఘటన తరువాత అక్కడ ఇనుప మెట్లు బిగించారు, వాతావరణ హెచ్చరికలు వినే ఏర్పాటు చేశారు, గైడు లేనిదే ఎవరినీ లోపలికి పంపరు. పెద్దవారు మళ్లీ అమెరికా వస్తారో లేదో ఎవరికి తెలుసు? మా అమ్మగారికి రెండోసారి వీసా వచ్చేనాటికి ఆవిడ నడవలేని స్థితిలో ఉన్నారు. అన్నీ చూపించండి.

వసుంధర:
గడియారం సంగతి మరవకండి. యూటా కన్నా ఆరిజోనా వేసవిలో ఒక గంట వెనక ఉంటుంది, కానీ ఆరిజోనాలోనే ఉన్న నవాహో అనే ఆదివాసీ తెగవారి ప్రాంతంలో మళ్లీ యూటా సమయమే నడుస్తుంది. మేము ఫోను చూపిన సమయాన్ని నమ్ముకొని వెళ్లి యాంటెలోప్ టూరులో మా వంతు పోగొట్టుకున్నాము, డబ్బు తిరిగి ఇవ్వలేదు.

నిత్యపథికుడు:
పేజ్ ఊరు నవాహో సరిహద్దుకు బయట ఉంది, యాంటెలోప్ టూర్లు కూడా పేజ్ సమయాన్నే పాటిస్తాయి. బుక్ చేసుకునేటప్పుడు అడిగి ఉండవలసింది.

వసుంధర:
అడిగాము. ఫోను ఎత్తిన వ్యక్తి చెప్పిన జవాబే తప్పు.

ఎర్రనేల:
గడియారం గొడవ పక్కన పెట్టండి. నేను ఫీనిక్స్‌లో ఉంటాను, ఆ ఎండ నాకు తెలుసు. మా మామగారు గ్రాండ్ కేనియన్‌లో బ్రైట్ ఏంజెల్ బాట మీద హాయిగా దిగారు. ఎక్కేటప్పుడు కాళ్లు తడబడి, మాట తేడా వచ్చి, రేంజర్లు (పార్కు సిబ్బంది) వచ్చేదాకా మేము తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాము. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు లోపల నడవవద్దని పార్కు వారే చెబుతారు.

నిత్యపథికుడు:
కృష్ణాతీరం గారు సౌత్ రిమ్, అంటే అంచు, చూస్తామన్నారు గానీ లోయలోకి దిగుతామనలేదు. మీ మామగారికి జరిగినదాన్ని పెద్దవాళ్లందరికీ అంటగడుతున్నారు.

ఎర్రనేల:
మీరు మీ అమ్మగారి విషయంలో మిగిలిపోయిన బాధను వీరి ప్రయాణంలో తీర్చుకుంటున్నారు. నాలుగు చోట్లా దిగి, ఫోటో తీసుకొని, కారెక్కడం చూపించడమెలా అవుతుంది?

తెనాలి మాస్టారు:
నాయనలారా, నేను తండ్రి వైపు మనిషిని. మా అబ్బాయి కూడా ఇలాగే తిప్పాడు. బ్రైస్‌లో సన్‌సెట్ పాయింట్ నుంచి నవాహో లూప్ అనే కాలిబాటలో 500 అడుగులు కిందికి దిగి ఆ రాతి స్తంభాల నడుమ నడుస్తానంటే, ఎక్కలేవని ఆపేశాడు. జయాన్‌లో రివర్‌సైడ్ వాక్ చదునుగా ఉందని వెళ్లనిచ్చాడు. వర్జిన్ నదిలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నంతసేపూ వెళదామని తొందరపెట్టాడు. ఒకరు భయంతో ఆపమంటున్నారు, ఒకరు ఆత్రంతో తిప్పమంటున్నారు. ఇందులో ఎవరైనా ఆ దంపతులను అడిగారా?

నిత్యపథికుడు:
అడిగితే "మీ ఇష్టం నాయనా" అంటారు, మాస్టారూ. మీ తరంవారు మాకు ఎప్పుడైనా సూటిగా చెప్పారా? తీరా ఇంటికి వెళ్లాక బంధువుల దగ్గర చెబుతారు.

తెనాలి మాస్టారు:
గది అద్దె ఎంతో, సెలవు ఎన్ని రోజులు మిగిలిందో మీరు పక్క గదిలో మాట్లాడుకోవడం మాకు వినబడుతుంది. ఆ తరువాత మేము ఏమని కోరుకుంటాము? ముందు ఖర్చు సంగతి తేల్చి, ఆపైన అడగండి.

కృష్ణాతీరం:
నిన్న రాత్రి ఇద్దరినీ విడివిడిగా అడిగాను. అమ్మకు ఇరుకు సందులంటే భయమట. ఇన్నాళ్లూ నా కోసం ఒప్పుకుంది. నాన్నగారు గ్రాండ్ కేనియన్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ చూడాలన్నారు. కాబట్టి జయాన్, సౌత్ రిమ్ మాత్రమే ఉంచి, రెండు చోట్లా రాత్రి ఆగుతాము.

ఎర్రనేల:
మంచిది. గ్రాండ్ కేనియన్ పార్కు లోపలి గదులు నెలల ముందే నిండిపోతాయి, దొరకకపోతే పార్కు బయటే ఉన్న తుసాయన్ ఊరిలో చూడండి. జయాన్ లోయలోకి వేసవిలో సొంత కారును రానివ్వరు గనుక, షటిల్ బస్సును పొద్దున్నే అందుకోండి.

నిత్యపథికుడు:
బ్రైస్ తీసేయడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. 8000 అడుగుల ఎత్తున ఉన్న ఆ పార్కు, మీ చుట్టులో అన్నిటికన్నా చల్లని చోటు. ఎండకు భయపడి పెద్దవాళ్ల కోసం వదిలేయవలసినవాటిలో అది చివరిది.