‘హెచ్చరిక’ సరే, ‘ఎర్రర్’ను లోపం అనవచ్చునా?

దూరం కొలిచే సెన్సార్ పంపే కోడ్‌లకు తెలుగు మాటలు అడిగిన మిత్రునికి, వార్నింగ్ అంటే హెచ్చరిక, ఎర్రర్ అంటే లోపం అని ఈ చర్చావేదికలో ఇద్దరు వెంటనే జవాబిచ్చారు. మొదటిది ఒప్పుకుంటాను. రెండవదాని పుణ్యమా అని మా ప్రయోగశాలలో చక్కగా పనిచేస్తున్న సెన్సార్ ఒకటి చెత్తబుట్టకు చేరింది కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన అడిగిన వీఎల్53ఎల్1ఎక్స్ అనేది కంటికి కనబడని 940 నానోమీటర్ల లేజర్ కాంతిని పంపి, అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి 4 మీటర్ల దాకా దూరం చెబుతుంది. ప్రతి కొలతతో పాటు ఒక స్థితి సంఖ్యనూ ఇస్తుంది. 0 వస్తే చిక్కు లేదు; 1, 2 వార్నింగులు; 4, 7 ఎర్రర్లు.

ఒక విద్యార్థి దాని ఎదుట నల్ల గొడుగు విప్పి పట్టుకున్నప్పుడు తెర మీద 1,840 మిల్లీమీటర్లని, పక్కన 2 అని వచ్చింది. నలుపు కాంతిని మింగేయడం వల్ల తిరిగి వచ్చినది చాలలేదని దాని భావం. కొలత ఉంది, కాని జాగ్రత్తగా తీసుకోమంటోంది. దీనిని ‘సంకేత వైఫల్యం’ అనడం కంటే ‘కాంతి చాలలేదు’ అంటే పిల్లలకు వెంటనే తెలుస్తుంది. కొలత ఊగిసలాడుతున్నప్పుడు వచ్చే 1కి ‘నిలకడ లేదు’ అనవచ్చు. స్వామి వేంచేస్తున్నప్పుడు పలికే హెచ్చరికలో భయం లేదు, మెలకువ ఉంది. ఆ పాత అర్థమే ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఇక 4. ఎదురుగా అందేంత దూరంలో ఏమీ లేనప్పుడు కూడా ఇది రావచ్చు. మేము తెర మీద ‘లోపం’ అని రాయించాము. అది చూసిన కుర్రవాడు సెన్సారే చెడిపోయిందనుకుని పీకి పారేశాడు. తప్పు అతనిది కాదు, మా అనువాదానిది. ‘దోషం’ అందామంటే మనవాళ్లు శాంతి చేయించమంటారు! అందుకే ‘కొలత చెల్లదు’ అని ప్రతిపాదిస్తున్నాను. చెల్లని నోటు చేతిలోనే ఉంటుంది, మీద అంకె కూడా ఉంటుంది, అయినా అంగడిలో తీసుకోరు. ఎర్రర్‌తో వచ్చిన కొలత కూడా సరిగ్గా అటువంటిదే.

7 మరీ చిత్రమైనది. చాలా దూరపు గోడకు తగిలి ఆలస్యంగా వచ్చిన కాంతిని తర్వాతి విడతలో పంపినదిగా లెక్కించడం వల్ల దూరపు గోడ దగ్గరగా కనబడుతుంది. ముల్లు ఒంటిగంట మీద ఉందంటే అది పగలో రాత్రో గడియారం చెప్పలేదు కదా, అలాగే. దీనికి ‘చుట్టు లెక్క తప్పింది’ అని రాసుకున్నాము.

0ను మాత్రం ఎక్కడపడితే అక్కడ ‘సరే’ అని అనువదించకండి. ధ్వనితో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే సెన్సార్‌ను ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలించి, సంకేతం ఎంతసేపు ఉందో కొలిచే పల్స్‌ఇన్ అనే ఆదేశంతో చదివినప్పుడు, గడువులోగా ప్రతిధ్వని రాకపోతే వచ్చేది కూడా 0యే. అక్కడ దాని అర్థం ‘జవాబు లేదు’.

7కు ఇంతకంటే పొట్టి మాట ఎవరికైనా తోస్తే దయచేసి తెలుపగలరు. మా తెర చిన్నది, ‘తప్పింది’ దగ్గరికి వచ్చేసరికి చోటు అయిపోతోంది.