పాపులిజాన్ని ‘జనాకర్షణ’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చదువుతున్నాడు. పార్టీల్లో, అభ్యర్థుల్లో పాపులిజం పాళ్లు ఎలా కొలుస్తారో తెలుగులో వ్యాసం రాస్తూ, దానికి ‘జనాకర్షక రాజకీయం’ అని పేరు పెట్టాడు. నాకు ఆ మాట దగ్గరే పేచీ వచ్చింది.

మన పేపర్లలో జనాకర్షక పథకం అంటే 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం లాంటిది. ఆ అర్థానికి ఆ మాట చక్కగా సరిపోతుంది. కానీ పరిశోధకులు కొలిచేది పంపకాలను కాదు, మాటను. 2004లో డచ్ రాజకీయ శాస్త్రవేత్త కాస్ ముడ్డె ఇచ్చిన నిర్వచనాన్నే ఎక్కువమంది వాడతారు: ఒకవైపు నిష్కల్మషమైన ప్రజలు, ఎదురుగా చెడిపోయిన పెద్దలు, రాజకీయం ప్రజల ఇష్టప్రకారమే నడవాలి అనే ఆలోచన. అమెరికా పరిశోధకుడు కర్క్ హాకిన్స్ బృందం నాయకుడి ప్రసంగాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివించి, ఆ ఆలోచన ఎంత ఉందో 0 నుంచి 2 దాకా మార్కు వేయిస్తుంది. ‘ప్రజలు’ అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెడితే చాలదు, ప్రసంగం మొత్తం ఎటు మొగ్గుతోందో చూడాలి. స్వీడన్‌లో ప్రజాస్వామ్యాన్ని కొలిచే పరిశోధన సంస్థ వి-డెమ్ వాళ్లయితే ఒక్కో పార్టీ గురించి నిపుణులనే అడుగుతారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ‘ఆకర్షణ’ ఎక్కడుంది?

*గాజువాక సభ్యుడు:* మరి మన ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ సంగతేంటండీ? అదీ జనం పేరు మీద వచ్చిందే కదా.

*నా జవాబు:* మంచి ప్రశ్న, మాస్టారూ. 1966 నాటి ఆ నినాదంలో ఆంధ్రులున్నారు, హక్కు ఉంది. చెడ్డ పెద్దలెవరూ లేరు. ఈ కొలతకు రెండు పక్షాలూ కావాలి. ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు’ కూడా అంతే. మొదటి సగం నిండుగా ఉంది, రెండో సగం ఆ వాక్యంలో లేదు. మార్కు వేయాలంటే దాని చుట్టూ ఉన్న ప్రసంగం చదవాల్సిందే.

*సీతమ్మధార సభ్యురాలు:* ‘జనవాదం’ అంటే సరిపోతుందా?

*నా జవాబు:* నాకూ తట్టిందమ్మా. కానీ హిందీలో ‘జనవాదీ’ అంటే వామపక్షాల మాట. వామపక్ష మహిళా సంఘం ఐద్వా హిందీ పేరులోనే అది ఉంది. ఆ వాసన మన తెలుగు మాటకూ అంటుకుంటుంది. అందుకే ‘ప్రజావాదం’ వైపు మొగ్గుతున్నాను. జనాకర్షకాన్ని పథకాలకే వదిలేద్దాం. రెంటికీ ఒకే మాట వాడితే, బియ్యమిచ్చిన ప్రతి పార్టీనీ చదివేవాళ్లు ఈ లెక్కలో వేసేస్తారు. అది ఆ పార్టీలకూ అన్యాయమే, బియ్యం తీసుకున్నవాళ్లకూ అన్యాయమే.

ఇంకొక్కటి మిగిలింది. ఆ నిర్వచనంలోని పెద్దలను ఇంగ్లీషులో ‘ఎలీట్’ అంటారు. దానికి మా అబ్బాయి ‘ఉన్నత వర్గం’ అని రాశాడు. మన సభల్లో అలా ఎవరంటారండీ? ‘పెద్దోళ్లు’ అంటారు. వ్యాసంలో ఆ మాటే పెట్టమన్నాను. పెట్టొచ్చంటారా?