వేట నిషేధం అయ్యేసరికి రెండు బ్యాటరీల్లో ఎప్పుడూ ఒకటే చచ్చిపోతోంది, ఎందుకు?

రేవు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ. నాన్నకి ఒక మెకనైజ్డ్ బోటు ఉంది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, సెల్ఫ్ (ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) 24 వోల్టులది, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే పట్టే కరెంటు లెక్క) బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి ఉంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ బోటు రేవులోనే కట్టేసి ఉంటుంది. వలలు బాగు చేసుకుంటాం, రంగులు వేయిస్తాం, ఇంజనాయిలు మారుస్తాం, బ్యాటరీల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. తీరా ఐసు ఎక్కించి, డీజిలు పోయించి, మనుషులందరూ ఎక్కి కూర్చున్నాక సెల్ఫ్ కొడితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. పోయినేడాది పక్క బోటు వాళ్ల బ్యాటరీలు అడిగి తెచ్చి స్టార్ట్ చేశాం. మొన్న కూడా అదే కథ, పక్క బోటు వాళ్లు కూడా ఎన్నిసార్లని ఇస్తారు.

విచిత్రం ఏంటంటే ఎప్పుడూ ఇంజను వైపున్న బ్యాటరీయే పోతోంది. పోయినేడాది దాన్ని తీసేసి కొత్తది వేశాం. ఇప్పుడు ఆ కొత్తదే దిగిపోయింది, పక్కనున్న పాతది బానే ఉంది! షాపతను డైనమో చూపించుకోమన్నాడు, డైనమో మెకానిక్ చూసి 28 వోల్టులు వస్తోంది ఏ లోపం లేదన్నాడు. నాన్న యాసిడ్ పోయించమంటున్నారు, బోటు నడిపే సరంగు గారేమో ఇన్వర్టర్ బ్యాటరీలు వేసెయ్ అంటున్నారు. రెండూ తీసి పారేసి కొత్త జత కొనాలా?

సెల్ఫ్_మెకానిక్:
కొనకు తమ్ముడూ, ఆగు. ముందు ఒక్కటి చెప్పు. క్యాబిన్‌లో వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్, లోతు చూపించే ఎకో సౌండర్, లైట్లు ఉంటాయి కదా, అవన్నీ 12 వోల్టులవే అయ్యుంటాయి. మరి బోటులో ఉన్నది 24. ఆ 12 ఎక్కడి నుంచి తీశారు?

రేవు_కుర్రాడు:
ఇంజను వైపు బ్యాటరీ నుంచే అన్నా. దాని ప్లస్, మైనస్‌లకి వైర్లు వేసి పైకి లాగారు. బోటు కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది. ఫోన్ల ఛార్జింగ్ కూడా దాని మీదే.

సెల్ఫ్_మెకానిక్:
దొరికింది దొంగ. నేను చూసిన బోట్లలో సగానికి ఇదే రోగం. ఇంకో మాట, డిస్టిల్డ్ వాటర్ పోసేటప్పుడు ఏ బ్యాటరీకి ఎక్కువ పడుతోంది? పాతదానికే కదూ?

రేవు_కుర్రాడు:
అవును! పాతది కాబట్టి తాగేస్తోంది అనుకున్నాం. మీకెలా తెలిసింది?

ఓడ_కరెంటోడు:
వైజాగ్ వాణ్ణి, ఓడల్లో ఎలక్ట్రికల్ పని నాది. పైన అన్నగారు పట్టుకున్నది కరెక్టు, ఎందుకలా జరుగుతుందో నేను చెప్తాను.

నీ డైనమో రెండు బ్యాటరీలనీ కలిపి ఒక్క 24 వోల్టుల బ్యాటరీగానే చూస్తుంది, మొత్తం మీద 28 వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క, ఎవరికెంత అందిందో దానికి పట్టదు. రాత్రంతా వేట మీద రేడియో, లైట్లు, సౌండర్ ఇంజను వైపు బ్యాటరీ ఒక్కదాన్నే పీలుస్తాయి కాబట్టి అది కిందికి దిగి ఉంటుంది. సిరీస్‌లో ఉన్నప్పుడు డైనమో కరెంటు రెండింట్లోంచీ ఒకేలా పోతుంది, నిండిన బ్యాటరీ వోల్టేజి పైకి లేస్తుంది, దిగిన బ్యాటరీది కిందే ఉంటుంది. చెరి 14 రావాల్సింది దిగినదానికి 13.2, నిండినదానికి 14.8 అలా పంచుకుంటాయి. కూడితే 28 సరిగ్గా ఉంటుంది, అందుకే మీ మెకానిక్‌కి లోపం కనపడలేదు. ఆయన రెండింటికీ కలిపి కాకుండా విడివిడిగా మీటరు పెట్టి ఉంటే అక్కడే తేలిపోయేది.

దాంతో ఒకటి ఎప్పుడూ అరకడుపుతో బతికి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. రెండోది ఎక్కువ ఛార్జింగై నీళ్లు మరిగించుకుంటుంది. నీళ్లు తాగేది ఒకటి, చచ్చేది ఇంకొకటి. కొత్తది తెచ్చి అదే చోట పెడితే దానికీ అదే గతి.

ఇక నిషేధం రోజుల లెక్క. బోటు ఆపేశాక కూడా ఏదో ఒకటి ఆన్‌లో ఉండిపోతుంది, రేడియో సెట్టు స్టాండ్‌బై కావచ్చు, ఛార్జర్ చివర మెరిసే చిన్న లైటు కావచ్చు. అది 50 మిల్లీఆంపులే అనుకో. రోజుకి 24 గంటలు, 61 రోజులు గుణించు, 73 ఏహెచ్ అవుతుంది. 150 బ్యాటరీలో సగం అలా పోయింది, అదీ ఒక్కదాంట్లోంచే. పైగా ఎండాకాలం, వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం దాదాపు రెట్టింపవుతుంది.

పరిష్కారం, 24 నుంచి 12కి దించే డీసీ కన్వర్టర్ ఒకటి పెట్టి క్యాబిన్‌వన్నీ దాని మీదికి మార్చు. అది రెండు బ్యాటరీల నుంచీ సమానంగా లాగుతుంది.

తెడ్డు:
కన్వర్టర్ దేనికండీ ఖర్చు, నెలకోసారి రెండు బ్యాటరీల చోట్లు మార్చేస్తే సరిపోదా? మేం అలాగే చేస్తాం.

సెల్ఫ్_మెకానిక్:
సరిపోదని అనను, నాలుగు నెలలు లాగుతుంది. కానీ 40 కిలోలకి పైనున్న బ్యాటరీని ఊగే బోటులో ఇరుకు ఇంజను గదిలో నెలనెలా ఎవడు ఎత్తుతాడు? రెండుసార్లు మారుస్తారు, మూడోసారి మర్చిపోతారు. ఒకసారి అలా విప్పుతూ మా కుర్రాడి స్పానర్ ప్లస్‌కీ ఇంజను బాడీకీ మధ్య పడింది, స్పానర్ ఎర్రగా కాలి అతుక్కుపోయింది, పక్కనే డీజిలు గుడ్డలు. అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే, విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. చేతికి ఉంగరం ఉంటే తీసి జేబులో వేసుకో.

బందరు_బాబాయ్:
నాన్నగారికి చెప్పు బాబూ, యాసిడ్ మాత్రం పోయించొద్దని. ఆవిరయ్యేది నీళ్లు, యాసిడ్ కాదు. బ్యాటరీ తిరగబడి యాసిడ్ ఒలికిపోతే తప్ప మళ్లీ యాసిడ్ పోసే అవసరం రాదు. గ్రావిటీ (లోపలి యాసిడ్ నీళ్ల చిక్కదనం, హైడ్రోమీటరుతో చూసేది) తక్కువ చూపిస్తోందని యాసిడ్ కలిపితే హైడ్రోమీటరు సంతోషిస్తుంది, యాసిడ్ మాత్రం ప్లేట్లని తినేస్తుంది. నీళ్లు కూడా ఛార్జింగ్ అయ్యాక పోయాలి, ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి పైకొస్తుంది. ప్లేట్లు బయటికి కనపడుతుంటే మాత్రం అవి మునిగేంత ముందే పొయ్యి.

మాది గిలకలదిండి రేవు. నిషేధం మొదలైన రోజే బ్యాటరీలు విప్పి ఇంటికి తెచ్చేస్తాం. సోడా ఉప్పు కలిపిన నీళ్లతో పైన తుడుస్తాం, మూతలు గట్టిగా బిగించి, ఆ నీళ్లు లోపలికి పోకూడదు. టెర్మినళ్లకి వ్యాజలీన్ రాస్తాం. నిండా ఛార్జింగ్ పెట్టి వసారాలో నీడన పెడతాం, నెలకోసారి మళ్లీ పెడతాం. మా నాన్న సిమెంటు గచ్చు మీద పెడితే కరెంటు లాగేస్తుందని కింద చెక్క వేసేవారు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ భయం లేదట, అయినా నేను చెక్కే వేస్తాను, చేతి అలవాటు.

రేవు_కుర్రాడు:
బాబాయ్, ఛార్జింగ్ నిండిందని ఎలా తెలుస్తుంది? మా వీధిలో కారు బ్యాటరీల అతను రాత్రి పెట్టి పొద్దున్నే ఇచ్చేస్తాడు.

ఓడ_కరెంటోడు:
బాబాయ్ గారి బదులు నేను చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. 150 ఏహెచ్‌కి 15 ఆంపుల దాకా పెట్టొచ్చు. 5 ఆంపుల చిన్న ఛార్జర్ మీద పెడితే, బాగా దిగిన బ్యాటరీకి ఒక్క రాత్రి ఏ మూలకీ రాదు, ఒక రోజు మీద ఇంకా పడుతుంది. గంటకోసారి గ్రావిటీ చూడు, వరసగా మూడుసార్లు కదలకుండా ఉంటే నిండినట్టు. నిండిన బ్యాటరీ పక్కన పెట్టి నాలుగైదు గంటలయ్యాక 12.6 పైన చూపించాలి. 12.2 అంటే సగం, 12.0 అంటే పావు దరిదాపులు. ఛార్జర్ తీసిన వెంటనే చూస్తే 13 చూపించి మోసం చేస్తుంది.

ఒక బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఆరింటి గ్రావిటీ విడివిడిగా రాసుకో. నిండా ఛార్జింగ్ అయ్యాక కూడా ఒక సెల్ మిగతావాటికంటే 50 పాయింట్లు తక్కువుంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకో. ఆరూ దగ్గరదగ్గరగా ఉంటే ఇంకా బతికించొచ్చు.

ఛార్జింగ్ పెట్టిన గదిలో బీడీ, అగ్గిపుల్ల వద్దు, వచ్చేది హైడ్రోజన్. బోటులో అయితే ఇంకో సంగతి, అడుగున చేరిన ఉప్పునీళ్లు బ్యాటరీలోకి పోతే క్లోరిన్ పుడుతుంది, మూసిన ఇంజను గదిలో అది ప్రాణం తీస్తుంది. బ్యాటరీని ఎత్తు మీద పెట్టెలో పెట్టి కట్టెయ్యండి. సరంగు గారన్న ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ నేను వద్దంటాను, పొడుగ్గా ఉండి ఊపుకి ఒలుకుతుంది, పైగా నెమ్మదిగా చాలాసేపు ఇవ్వడానికి చేసింది, సెల్ఫ్ అడిగేది ఒక్క క్షణంలో వందల ఆంపులు.

తెడ్డు:
లిథియం వేసేస్తే నీళ్ల గొడవే ఉండదు కదా.

సెల్ఫ్_మెకానిక్:
క్యాబిన్‌కి విడిగా ఒకటి వేసుకుంటే మంచిదే. సెల్ఫ్‌కి, పాత డైనమోకి నేరుగా కలిపితే అది ఆపకుండా కరెంటు లాగి డైనమోనే కాల్చేస్తుంది. మనకున్న గొడవలు చాలు.

రేవు_కుర్రాడు:
నాలుగు రోజులైంది, ఇప్పుడే వేట నుంచి వచ్చాం. వెళ్లే ముందు రెండూ విప్పి విడివిడిగా ఛార్జింగ్ పెట్టించాను. కొత్తదాన్ని నెమ్మదిగా ఒక రోజున్నర పెడితే ఆరు సెల్స్ గ్రావిటీ 1230 నుంచి 1240 దాకా వచ్చాయి, లేచింది. పాతదాంట్లోనే ఒక సెల్ 1160 దగ్గర ఆగిపోయింది, బాగుందనుకున్నదే పోయింది! డైనమో నడుస్తుండగా విడిగా చూస్తే ఒకటి 13.4, ఒకటి 14.6. మీరన్నట్టే. నాన్నకి మీటరు చూపించాకే నమ్మారు. ఇప్పుడు కన్వర్టర్ ఎన్ని ఆంపులది తీసుకోమంటారు? పాతదాని చోట కొత్తది ఒక్కటే వేస్తే చాలా?

ఓడ_కరెంటోడు:
వీహెచ్‌ఎఫ్‌లో మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపులు, లైట్లు, సౌండర్, ఫోన్లు అన్నీ కలిపినా 15 దాటదు, 20 ఆంపులది తీసుకో. 24 వైపు వైరుకి బ్యాటరీ దగ్గరే 15 ఆంపుల ఫ్యూజు. నీ కొత్తది ఏడాదిదే కాబట్టి ఈసారికి ఒక్కటే మార్చు, అదే కంపెనీ అదే ఏహెచ్ చూసుకో. ఆ పాత 12 వోల్టుల వైర్లు మాత్రం పూర్తిగా పీకెయ్, ఉంచితే ఎవడో ఒకడు మళ్లీ దాని మీద ఏదో తగిలిస్తాడు.