వైట్ రాక్ లేక్ ఒడ్డున నీటి బొమ్మలు: వాలంటీర్ల ఏర్పాట్లు

కార్యక్రమ సమన్వయం:
అందరికీ నమస్కారం. అక్టోబరు మూడో శనివారం సాయంత్రం 4:30కి డాలస్ వైట్ రాక్ లేక్ తూర్పు ఒడ్డున నీళ్ల బొమ్మలు వెయ్యడానికి కలుద్దాం. అటువైపైతే పొద్దు ఎదురుగా వాలుతుంది, వెలుగు నీళ్ల మీదుగా మన దాకా పరుచుకుంటుంది. ఏడింటికి కాస్త ముందే పొద్దుగూకుతుంది కాబట్టి చేతిలో ఉండేది రెండు గంటలే. పార్కు అనుమతి నేను చూస్తాను. టేబుళ్లు, బకెట్లు ఎవరు తెస్తారు?

బొమ్మలు నేర్పేది:
నాది ఒకటే కోరిక. ఎవరూ సరస్సు బొమ్మ వెయ్యొద్దు, నీళ్లు మాత్రమే వెయ్యాలి. చెట్టో బాతో కనిపిస్తే చెయ్యి దాని ఆకారం వెంటే పోతుంది. అందుకే అట్టముక్కలో అరచేతంత కిటికీ కోసి ఒక్కొక్కరికీ ఇద్దాం. అందులోంచి నీళ్లు తప్ప ఇంకేమీ కనపడకూడదు. కళ్లు సగం మూసి చూస్తే ముదురు పట్టీలు, లేత పట్టీలు విడిపోతాయి. అవే వెయ్యాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన కలువల చెరువు చిత్రాల్లో కూడా మొదట వంతెన, ఒడ్డు ఉండేవి. పోనుపోను ఒడ్డు తప్పుకుంది, నీళ్లూ నీడలే కాన్వాసంతా నిండాయి. మా ఊరి కోనేట్లో గాలి ఆడితే గోపురం నీడ నిలువునా సాగి ముక్కలయ్యేది. నాకు గోపురం కన్నా ఆ ముక్కలే ఎక్కువ గుర్తు.

పిల్లల బాధ్యత:
అక్కా, పిల్లలకి అక్రిలిక్ రంగులు వద్దేమో? బట్టలకి అంటితే పోదు.

బొమ్మలు నేర్పేది:
వాళ్లకి వాటర్‌కలరే అమ్మా. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటిది) తీసుకో, పల్చటిది తడికి ముడుచుకుంటుంది. నీలం రంగు మాత్రం చివర్లో ఇవ్వు. ముందే ఇస్తే నీళ్లంటే నీలమే అనుకుని నింపేస్తారు, సాయంత్రం నీళ్లలో ఇటుక రంగూ బంగారు రంగూ ఉంటాయని చూడరు. పెద్దవాళ్ల అక్రిలిక్ గాలికి తొందరగా ఆరిపోతుంది, తడుపుతూ ఉండటానికి నీళ్ల స్ప్రే సీసాలు కావాలి.

సామాన్లు:
4 టేబుళ్లు, మూతలున్న 6 బకెట్లు నావి. కుంచెలు కడిగిన నీళ్లు ఒక్క చుక్క కూడా సరస్సులో పొయ్యొద్దు, అక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే. బకెట్లు నేనే వెనక్కి తీసుకెళ్తాను.

పిల్లల బాధ్యత:
ఒడ్డు దగ్గర నిలబడ్డానికి ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి.

భోజనాలు:
మావారూ నేనూ నిలబడతాం. పులిహోర ఎన్నింటికి తెమ్మంటారు?

బొమ్మలు నేర్పేది:
చీకటి పడ్డాకే వదినా. నూనె చేతులు తగిలితే కాగితానికి రంగు పట్టదు.